చిట్టా, ఆవర్జా, మాట్లాడే పెట్టె: కోస్తా వ్యాపారపు ఊళ్ళలో ఆరు రోజులు

దుకాణాల లెక్కలు రాసే సాఫ్ట్‌వేరు తయారుచేసే ఒక చిన్న సంస్థలో నేను హైదరాబాదులో 22 ఏళ్ళు పనిచేశాను. మా సరుకు కొన్న కొట్లలో చాలా భాగం కోస్తా జిల్లాలవే అయినా, వాటిలో ఒక్కదాని గడప కూడా నేను తొక్కి ఎరగను. వాళ్ళ ఫిర్యాదు ఫోనులో విని, ఏసీ గదిలో కూర్చుని ఏదో ఒకటి సరిచేసి, పని పూర్తయిందని రాసి ఆ కాగితం మూసేయడమే నా ఉద్యోగం. నిరుడు దసరాకు ఆ ఉద్యోగం మానేశాక, ఇన్నాళ్ళూ గొంతులుగా మాత్రమే తెలిసిన మనుషులను ఒకసారి చూసి రావాలనిపించింది. సంక్రాంతి వెళ్ళిన వారం, 2026 జనవరి 19 నుంచి 24 వరకు, గుంటూరు నుంచి నరసాపురం దాకా ఒక్కదాన్నే తిరిగి వచ్చాను. ఇల్లు చేరి నాలుగు రోజులే అయింది గనుక సంచీలో మిరప ఘాటు ఇంకా వదల్లేదు.

జనవరి 19, సోమవారం: గుంటూరు

ఆటో చుట్టుగుంట దాటుతూండగానే నాకు మొదటి తుమ్ము వచ్చింది. డ్రైవరు వెనక్కి తిరక్కుండానే "ఊరికి కొత్తా అమ్మా?" అన్నాడు. పుట్టింది తెనాలిలోనేనని కాస్త గట్టిగానే చెప్పాను. "అయితే అలవాటు తప్పిందన్నమాట" అని ఊరుకున్నాడు. ఈ ఊళ్ళో పరాయివాళ్ళను యాసను బట్టి కాక తుమ్మును బట్టి పోల్చుకుంటారని ఆ ఉదయమే అర్థమైంది.

పండగ సెలవుల తర్వాత వచ్చిన సోమవారం కావడంతో మిర్చి యార్డులో అడుగు పెట్టే చోటు లేదు. ఇక్కడివాళ్ళు టిక్కీలని పిలిచే మిరప బస్తాలు గోడల్లా పేర్చి ఉన్నాయి, వాటి సందుల్లోంచి హమాలీలు తలపాగాల కొసలు ముక్కుకు చుట్టుకుని పరుగులాంటి నడకతో పోతున్నారు. నేను హైదరాబాదు నుంచి ముందుచూపుతో తెచ్చుకున్న మాస్కు అరగంటలో తడిసి ఎందుకూ కొరగాకుండా పోయింది. ఒక ముఠా మేస్త్రీ జాలిపడి, తడిగుడ్డ కట్టుకోమని తన బాటిల్లో నీళ్ళు పోసి ఇచ్చాడు.

కొనేవాళ్ళు సరుకు చూసే తీరును ఒక కొట్టు ముందు కదలకుండా రెండు గంటలు గమనించాను. కొనుగోలుదారు బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి పోనిచ్చి నాలుగు కాయలు తీస్తాడు, చెవి దగ్గర ఆడించి లోపల గింజ గలగలలాడుతోందా అని వింటాడు, ఒకదాన్ని విరిచి ఆ చప్పుడును బట్టి తేమ అంచనా కడతాడు, తెల్లబారిన తాలుకాయ ఎంత కలిసిందో ఒక్క చూపులో తేలుస్తాడు. ఘాటు కోసం తేజ, రంగు కోసం బ్యాడిగి అన్న మోటు లెక్క నాకూ తెలుసు గాని, ఒకే తేజలో ఒకే రైతు తెచ్చిన రెండు బస్తాలకు రెండు ధరలు ఎందుకు వస్తాయో ఆ చేతికే తెలుసు. ఇంత చేశాక ఆయన చొక్కా జేబులోంచి ఫోను తీసి, 2016లో కేంద్రం మొదలుపెట్టిన ఈ-నామ్ అనే ఆన్‌లైన్ పంటల మార్కెట్లో లాటు సంఖ్య వెతికి, ధర కొట్టి, ఫోను మళ్ళీ జేబులో పడేశాడు. ఈ పద్ధతి వచ్చిందే ఎక్కడో ఉన్న కొనుగోలుదారు కూడా ధర వేయగలగాలని కదా, ఫొటో చూసి ఇంట్లోంచే వేయకూడదా అని అడిగాను. "ఫొటోలో తేమ కనపడుతుందామ్మా?" అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు, నిజంగానే అడిగాడు.

మధ్యాహ్నం ఒక కమిషన్ కొట్టులో కాసేపు కూర్చోనిచ్చారు. డెబ్బై దాటిన గుమాస్తా గారి ముందు ఎర్రగుడ్డ అట్టల చిట్టా (రోజువారీ పద్దుల పుస్తకం), ఆవర్జా (మనిషివారీ ఖాతాల పుస్తకం) ఉన్నాయి. పక్క బల్ల మీద తువ్వాలు కప్పిన కంప్యూటరు, దాని నుదుట దసరా ఆయుధ పూజనాడు పెట్టిన కుంకుమ బొట్టు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆయన తువ్వాలు తొలగించగానే తెర మీద నా గుండె గతుక్కుమనిపించే నీలిరంగు కనిపించింది. అది మా సాఫ్ట్‌వేరే. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు హడావిడిగా అమ్మిన వాటిలో ఒకటి. నేను ఎవరినో చెప్పకుండా, ఎలా ఉందండీ అని అడిగాను.

"బిల్లుల వరకు పరవాలేదమ్మా. అరువు దగ్గరే దీనికి మొండితనం. ఫోను నంబరు వేయందే పద్దు పడనివ్వదు. రైతుకు ఒకనాడు ఫోనుంటుంది, ఒకనాడు కొడుకు పట్టుకుపోతాడు. అందుకని అందరికీ నా నంబరే వేసేవాణ్ణి. కొన్నాళ్ళకి అదీ కుదరదంది, ఒక నంబరుకు ఒక్క మనిషేనట. ఇక అప్పణ్ణుంచి చివరి అంకె మార్చుకుంటూ పోతున్నాను."

2018లో ఇటువంటి కొట్ల నుంచి వచ్చిన లెక్కల్లో ఒకే నంబరు మీద వందలమంది బాకీదారులు కనిపిస్తున్నారని మేము మూడు వారాలు బుర్రలు బద్దలు కొట్టుకుని, ఆ 'లోపాన్ని' సరిచేసి, కేకు కోసుకున్నాం. ఆ నంబరు ఈయనదో, ఈయనలాంటి మరో గుమాస్తాదో. మరి అసలు బాకీలు ఎలా గుర్తుంటాయని అడిగితే ఆవర్జా నా వైపు తిప్పారు. అందులో ఇంటిపేర్లు తక్కువ, గుర్తులు ఎక్కువ: 'పెదకాల్వ కింద రెండో చేను', 'కుంటి ఎడ్ల వారి అల్లుడు', 'నవ్వే ఆయన'. నవ్వే ఆయన ఎవరండీ అంటే, "ఎంత బాకీ ఉన్నా నవ్వుతూనే ఉంటాడమ్మా, అందుకే పెద్దక్షరాలతో రాశాను" అన్నారు. సాగుకు పెట్టుబడి ఇచ్చిన కొట్టుకే పంట రావడం ఇక్కడ పాత ఆనవాయితీ, ఆ బంధంలోని మంచిచెడ్డలు వేరే చర్చ. కాని మనిషిని ఆనవాలుతో రాసుకునే వీలు మా పట్టికలో ఒక్క గడికీ ఇవ్వలేదన్న సంగతి మాత్రం నన్ను రోజంతా వేధించింది. నేను ఎవరినో చివరిదాకా చెప్పలేదు. పిరికితనమే.

సాయంత్రం బ్రాడీపేటలో బజ్జీల బండి దగ్గర మిరపకాయ బజ్జీలు నాలుగు 40 రూపాయలు. పొద్దుటి నుంచి మిరప పీల్చినదాన్ని మళ్ళీ అదే తినడమేమిటో నాకే తెలియదు. ఈ పేటలో చిరునామా 4/14 అన్నట్టు రెండు అంకెల్లో చెబుతారు, నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని అర్థం. నా ఫోనులోని పటం నన్ను రెండుసార్లు సందులు తిప్పితే, ఇస్త్రీ బండి కుర్రాడు ఆ రెండు అంకెలు విని తలెత్తకుండానే బొగ్గుల పెట్టెతో దారి చూపించాడు. బండి మీద, ఫోనులో డబ్బు పడగానే చెప్పే మాట్లాడే పెట్టె మహేష్‌బాబు గొంతుతో 40 రూపాయలు అందాయని ప్రకటించగానే పక్కనున్న ఇద్దరు ఇంటర్మీడియట్ పిల్లలు ఈల వేశారు. 40 రూపాయలకు ఈల పడటం నా జీవితంలో అదే మొదలు.

జనవరి 20, మంగళవారం: చీరాల బస్సు, చీరాల

పొన్నూరు, బాపట్ల మీదుగా పోయే ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. నిరుటి ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్‌ల వంటి కొన్ని రకాల బస్సుల్లో ఆడవాళ్ళకు ఛార్జీ లేదు, ఆధార్ చూపిస్తే కండక్టరు మిషనులోంచి సున్నా రూపాయల టిక్కెట్టు తీసి ఇస్తాడు. నా ముందు పదిమంది అట్లా సున్నాలు అందుకున్నారు. నా కార్డు చూసి ఆయన ఆగిపోయాడు.

"ఇది కూకట్‌పల్లి అడ్రెస్ కదమ్మా. మన రాష్ట్రం కార్డు ఉంటేనే."

"తెనాలి ఆడపడుచునండీ" అన్నాను.

"మీరు తెనాలేనమ్మా, మీ కార్డే హైదరాబాదు" అని 90 రూపాయలు తీసుకున్నాడు. పక్క సీటు పెద్దావిడ నన్ను ఓదారుస్తూ సంచీలోంచి జామకాయ తీసి ఇచ్చింది. తాను వారానికి రెండుసార్లు చీరాల వెళ్ళి జాకెట్టు గుడ్డలు తెచ్చి ఊళ్ళో అమ్ముతున్నానని, ఛార్జీ మిగలడంతో ఇదివరకు లేని ఈ వ్యాపారం పుట్టిందని చెప్పింది. ఊళ్ళో వాళ్ళు మాత్రం, "నీకు బస్సు ఊరికే కదా, ధర తగ్గించు" అని బేరమాడుతున్నారట. ఆ మాటకు ఈవిడ దగ్గర ఇంకా జవాబు లేదు.

చీరాల బట్టల మార్కెట్లో పదిగంటలకు ముందే ఒక కొట్లో అడుగుపెట్టి బోణీ బేరాన్ని అయ్యాను. 1,850 చెప్పిన చీరను, మా అమ్మ నేర్పిన పద్ధతిలో, పర్సు తెరిచి "నా దగ్గర 1,400 మించి లేవు" అని చూపించబోయాను. కొట్టాయన నా చేతిలోని ఫోను వైపు చూసి నవ్వాడు. అమ్మల కాలం నుంచి వచ్చిన ఈ అస్త్రం ఎప్పుడో తుప్పుపట్టిపోయిందని, పర్సు ఖాళీ అన్న మాటకు ఇక విలువ లేదని అప్పుడు గాని నాకు తట్టలేదు. చిల్లర లేదని చేతిలో చాక్లెట్ పెట్టే కొట్టువాడి ఎత్తు కూడా ఫోనుతోనే పోయింది కాబట్టి లెక్క సరిపోయిందనుకోవాలి. చివరికి 1,650కి తెగింది. నేను ఫోనుతో పంపబోతుంటే ఆయన ఆపాడు.

"ఒక్క పది రూపాయల నోటన్నా చేతికివ్వండమ్మా, మిగతాది దాంట్లో వేయండి. బోణీ కదా."

నోటు తీసుకుని రెండు కళ్ళకూ అద్దుకుని, గల్లా పెట్టెకు తాకించి లోపల వేశాడు. ఫోనులో వస్తే బోణీ కాదా అన్నాను. బల్ల మీది మాట్లాడే పెట్టెను చూపించి, "దీన్ని కళ్ళకద్దుకోలేం కదమ్మా" అన్నాడు.

ఈ ఊరికి లెక్కల విషయంలో పంతం కొత్త కాదు. చీరాల, పేరాలలను పురపాలక సంఘం చేసి పన్నులు పెంచినందుకు, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం ఇళ్ళు వదిలేసి ఊరి బయట పాకలు వేసుకుని, రామ్‌నగర్ అని పేరు పెట్టుకుని నెలల తరబడి అక్కడే కాపురం చేశారు. పన్ను మినహాయింపు కోరుతూ అర్జీ పెట్టడం మనకు తెలుసు గాని, ఊరినే మినహాయించుకోవడం వీళ్ళకే చెల్లింది.

మధ్యాహ్నం ఒక మాస్టర్ వీవర్ (నూలిచ్చి చీరలు నేయించే ఆసామి) ఇంటికి వెళ్ళాను. ముందు గదిలో గుంట మగ్గం మీద ఆయన అన్నగారు కుప్పడం చీర నేస్తున్నారు, వెనక గదిలో కోడలు రింగు దీపం వెలిగించుకుని ఫోను ముందు చీరలు విప్పి చూపిస్తోంది. మగ్గం చప్పుడు ఆగినప్పుడల్లా ఆమె, "మామయ్యా, ఆపకండి, వాళ్ళకి చప్పుడు వినపడాలి" అని కేకేస్తోంది. చప్పుడు వినపడితేనే చేనేత అని నమ్ముతారట. అందువల్ల పోగు తెగినప్పుడు కూడా, అతుకు వేసుకోవడానికి తీరిక లేకుండా, పెద్దాయన ఊరికే పలకను కొడుతున్నారు. వీడియో పూర్తయ్యాక నాకు టీ ఇస్తూ ఆ అమ్మాయి చెప్పిన లెక్క ఆసక్తికరంగా ఉంది: కొట్టుకు వేస్తే డబ్బు మూడు నెలలకు వస్తుంది, ఫోనులో అమ్మితే ఆ పూటే వస్తుంది, కాని ఫోనులో కొన్న చీర తిరిగి వచ్చినంతగా కొట్టుకు వేసినది తిరిగి రాదు. "రంగు ఫొటోలో వేరేగా ఉందంటారు ఆంటీ. మా మామయ్యగారేమో రంగు చూడాలంటే వాకిట్లో ఎండలోకి రమ్మనండి అంటారు."

జనవరి 21, బుధవారం: వేటపాలెం

చీరాల పక్కనే గనుక ఆటోలో 30 రూపాయలకు వెళ్ళిపోయాను. సారస్వత నికేతనం 1918లో మొదలైన గ్రంథాలయం, దాని భవనానికి 1929లో గాంధీ శంకుస్థాపన చేశారు, ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ ఉంది. పాత పత్రికల్లో వార్తలకంటే ప్రకటనలే నన్ను కట్టిపడేశాయి. తలనొప్పి మాత్ర నుంచి తలనూనె దాకా అన్నిటికీ 'నమ్మకమైనది' అన్న మాటే. మా సంస్థ ప్రకటనలోనూ అదే మాట ఉండేది.

జీడిపప్పు బట్టీలో ఆడవాళ్ళు కాల్చిన గింజలు చితకగొట్టి పప్పు తీస్తున్నారు. పెంకు జీడి చేతులు కాలుస్తుంది కాబట్టి వేళ్ళకు బూడిద రాసుకుంటున్నారు. గుండ్లు, బద్దలు, ముక్కలు అని వేరుచేసి ధర కడతారు. ఒక ముక్క కిందపడితే తీసి తిని, "ఇది లెక్కలోకి రాదు" అని ఒకావిడ నాకూ ఒకటి పెట్టింది. అరకిలో గుండ్లు కొన్నాను. గుంటూరు బస్తాల పక్కన పెట్టిన సంచీలోనే వేసినందువల్ల అవి ఇప్పుడు కారం జీడిపప్పు అయ్యాయి.

జనవరి 22, గురువారం: బందరు

మచిలీపట్నం అని బోర్డుల మీద ఉంటుంది, నోళ్ళలో ఉండేది బందరు. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఇక్కడ కొట్టు తెరిచింది, అంతకు ముందే డచ్చివాళ్ళు వచ్చారు. ఆ వ్యాపారాల జాడ వెతుక్కుంటూ కోట వైపు వెళ్ళబోయి, దారి తప్పి ఒక బ్యాంకు ముందు తేలాను. రిక్షా స్టాండు దగ్గర పెద్దాయనను ఇది ఏ బ్యాంకండీ అని అడిగాను. "ఆంధ్రా బ్యాంకు" అన్నాడు. బోర్డు మీద యూనియన్ బ్యాంకు అని నా తలంత అక్షరాలతో ఉంది. ఆ మాటే చెబితే, "బోర్డు వాళ్ళిష్టం, పాసుపుస్తకం మాదేగా" అన్నాడు. భోగరాజు పట్టాభి సీతారామయ్య ఈ ఊళ్ళో 1923లో స్థాపించిన బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయిన సంగతి ఆయనకు తెలియక కాదు. పెళ్ళయి ఎన్నేళ్ళయినా కూతుర్ని పుట్టింటి పేరుతో పిలిచినట్టు, ఊరు దాన్ని ఆ పేరుతోనే పిలుస్తోంది.

చిలకలపూడి బంగారం అంటే మా చిన్నప్పుడు వెక్కిరింపు. ఆ వెక్కిరింపు మీద ఇన్ని కుటుంబాలు బతుకుతున్నాయని వచ్చి చూస్తే గాని తెలియదు. రోల్డ్‌గోల్డ్ పని ఒక కప్పు కింద జరగదు. ఒకరింట అచ్చు పోస్తే మరొకరింట రాళ్ళు అతుకుతారు, ఇంకో వాకిట్లో నలుగురు ఆడవాళ్ళు కబుర్లాడుకుంటూ గొలుసు లింకులు కలుపుతారు, పూత ఇంకెక్కడో. సైకిలు మీద ఒక కుర్రాడు ఈ ఇళ్ళన్నిటి మధ్య డబ్బాలు తిప్పుతుంటాడు. ఎవరింట ఎన్ని గొలుసులున్నాయో ఎలా తెలుస్తుందని అడిగాను, పాత వృత్తి వాసన. "వాట్సాప్‌లో రాసుకుంటాను మేడమ్. కానీ పిన్నిగారి దగ్గర పన్నెండు తగ్గితే పన్నెండు తగ్గాయని రాయను, పెళ్ళి ఉందని రాస్తాను" అన్నాడు. ఇంట్లో పెళ్ళయ్యాక ఆ పన్నెండూ వచ్చేస్తాయట.

కొట్లో బేరానికి వచ్చిన ఒక అమ్మాయి ఫోనులో ఏదో పెళ్ళి ఫొటో పెద్దది చేసి చూపించి, ఇదే కావాలంది. యజమాని కళ్ళజోడు పైకి జరిపి, "ఇది మనదే అమ్మా, ఇక్కణ్ణుంచే పోయింది" అన్నాడు. అసలు బంగారం హారం ఫొటోకు నకలు కావాలని ఆమె వస్తే, ఆ ఫొటోలోదే నకలని తేలింది. ఆ అమ్మాయి ముఖంలో ఆశాభంగం, ఊరట రెండూ ఒకేసారి కనిపించాయి. ఆ పెళ్ళివారు ఎవరో నేను అడగలేదు, ఆమె కూడా చెప్పదలచుకోలేదు.

సాయంత్రం తొక్కుడు లడ్డు కిలో 480 పెట్టి కొన్నాను. శనగపిండితో పూస వేయించి, దాన్ని రోట్లో దంచి, జల్లించి, బెల్లం పాకంతో కలిపి మళ్ళీ దంచుతారు. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మిషను పెట్టకూడదా అని అడిగినందుకు కొట్టాయన రోకలి వేస్తున్న ఇద్దరినీ ఆపించి మరీ నాకు పాఠం చెప్పాడు. మిషను వేడికి నెయ్యి విడిచిపోతుందని ఆయన వాదన. దేశం నలుమూలలకూ కొరియర్ పంపడానికి మాత్రం కంప్యూటరు చీటీలు టకటకా అచ్చవుతున్నాయి.

జనవరి 23, శుక్రవారం: భీమవరం

పెదనాన్న గారి అబ్బాయి స్టేషనుకు వచ్చాడు. పండగ పందేలకు వేసిన పందిళ్ళు దారి పొడవునా విప్పుతున్నారు, మావుళ్ళమ్మ ఉత్సవాల దీపాలు మాత్రం ఉన్నాయి. ఇంటికి చేరేసరికి వదిన ఐదు రకాలు వండి పెట్టింది. తిన్నది చాలంటే ఈ ఊళ్ళో అది మాట కింద లెక్క కాదు, మర్యాద కింద జమ. రొయ్యల ఇగురు మూడోసారి వడ్డిస్తూ, "ఆయ్, హైదరాబాదులో తినరేంటండీ?" అంది. నేను ఆడపడుచును, ఆవిడ నాకంటే పెద్దది, అయినా అండీ తప్పలేదు.

అన్నయ్యకు ఆరెకరాల వెనామీ రొయ్యల చెరువు ఉంది. గట్టు మీద, నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్ల మోటారుకు ఫోను స్టార్టరు బిగించాడు. కరెంటు పోతే అది ఫోను చేస్తుంది, వస్తే మళ్ళీ చేస్తుంది, ఇంట్లోంచే మోటారు వేయొచ్చు, ఆపొచ్చు. ఇదంతా గర్వంగా చూపించాక, రాత్రి తొమ్మిదింటికి దుప్పటి, టార్చి పట్టుకుని చెరువు దగ్గరకు పడుకోవడానికి బయలుదేరాడు. స్టార్టరు ఉంది కదా అన్నయ్యా అంటే, "అది ఫోను చేస్తుందే, పడుకునేది నేనేగా. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతే అది ఫోను చేసేలోపు రొయ్య తేలిపోద్ది" అన్నాడు. నేనూ వెంట వెళ్ళాను. రాత్రి రెండున్నరకు నిజంగానే ఫోను మోగింది. కరెంటు పోయింది గాబోలునని ఇద్దరం లేచి పరిగెత్తాం. తీరా చూస్తే సిమ్ కార్డు కంపెనీవాళ్ళ రీచార్జి కబురు.

తెల్లవారి పక్క చెరువులో రొయ్యల పట్టుబడి చూశాం. రొయ్యకు ధర కట్టేది కౌంటుతో. కిలోకు ఎన్ని తూగితే అంత కౌంటు, అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. రేట్లు పొద్దున్నే అందరి ఫోన్లలోకీ వచ్చేస్తాయి, వాటి మీద తగువు లేదు. తగువంతా కౌంటు దగ్గరే. కొనేవాడి మనిషి తూకం వేసి 52 అన్నాడు, రైతు 48 అన్నాడు. అప్పటిదాకా చేతుల్లో ఉన్న ఫోన్లు అన్నీ జేబుల్లోకి పోయాయి, ఇద్దరూ గట్టు మీద గొంతుక్కూర్చుని ఒక్కొక్క రొయ్యా పక్కన పెడుతూ బిగ్గరగా లెక్కపెట్టారు. 50 వచ్చింది. ఇద్దరూ తామే గెలిచినట్టు ముఖం పెట్టారు.

నిరుడు ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పటి నుంచి ఇక్కడి మాటల్లో ఆ దేశం పేరు చెరువు గట్ల మీద దొర్లుతోంది. టీ కొట్టు దగ్గర లుంగీలు కట్టుకున్న నలుగురు వాషింగ్టన్ వార్తలు నాకంటే వివరంగా చర్చించారు. మేత డీలరు కూడా అక్కడే ఉన్నాడు. అరువు మేత ఇంకో నెల ఇస్తావా అని అన్నయ్య అడిగితే, "చూద్దాం లెండి" అన్నాడు. దారిలో అన్నయ్య ముఖం వాడిపోయింది. చూద్దామన్నాడు కదా అంటే, "చూద్దాం అంటే లేదని. ఇవ్వదలచుకుంటే తిట్టేవాడు" అన్నాడు. ఆలోచించగా మా ఆఫీసులోనూ అంతే. వచ్చే విడుదలలో పరిశీలిస్తామని నేను ఎంతమందికి రాశానో.

జనవరి 24, శనివారం: నరసాపురం

నరసాపురం లేసు పని చూడాలని చివరి రోజు పెట్టుకున్నాను. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఈ అల్లిక చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళ చేతుల్లో స్థిరపడి, విదేశీ బల్లల మీదికి గుడ్డలై పోతోంది. గోదావరి గట్టుకు దగ్గర్లోని ఒక పల్లెలో, అరుగు మీద కూర్చున్న అరవయ్యేళ్ళావిడ, సూది వైపు చూడకుండా, నాతో మాట్లాడుతూ, వీధిలో పోయే మేకల్ని అదిలిస్తూ, ఒక గుండ్రటి పువ్వు పూర్తి చేసింది. ముక్కకు ఇంత అని ఏజెంటు ఇస్తాడు, వారానికోసారి వచ్చి దారం ఇచ్చి అల్లినవి తీసుకుపోతాడు. ఈ మధ్య పట్నంలో చదివే మనవరాలు కొన్నిటిని ఫోనులో అమ్మి పెడుతోంది. "అది పదికి అమ్మితే ఏజెంటు నాలుగిచ్చేవాడని తెలిసింది. తెలియకముందే బాగుండేదమ్మా, కోపం ఉండేది కాదు" అంది.

బల్ల మీద పరిచే గుడ్డలు రెండు తీసుకున్నాను, 700 రూపాయలు. ఫోనుతో పంపబోతే నా బ్యాంకు సర్వరు పనిచేయడం లేదని వచ్చింది. మరో రెండుసార్లు ప్రయత్నించినా అంతే. పర్సులో 130 రూపాయలు, బస్సుకు అవి కావాలి, ఏటీఎం నరసాపురం వెళితే గాని లేదు. గుడ్డలు తిరిగి ఇచ్చేయబోయాను.

"పట్టుకెళ్ళమ్మా. ఇంటికెళ్ళాక పంపుదువు గాని."

"నా నంబరు రాసుకోండి" అన్నాను.

"నీ నంబరు నేనేం చేసుకుంటాను? నా మనవరాలి నంబరు నువ్వు రాసుకో" అంది. పంపవలసింది నేను కాబట్టి నంబరు నాకే కావాలన్నది ఆవిడ లెక్క. ఇరవై రెండేళ్ళలో మా గదిలో ఒక్కరికీ తట్టని లెక్క. మనవరాలి పాత ఇంగ్లీషు నోటుపుస్తకం వెనక పేజీ తీసి, నాలుకకు తడిపిన పెన్సిలుతో ఏదో రాసుకుంది. ఏం రాశారని అడగడానికి మొహమాటపడ్డాను.

సోమవారం సెలవు కావడంతో మంగళవారం నా బ్యాంకు మళ్ళీ నోరు విప్పింది. పొద్దున్నే 700 పంపాను. గంట తర్వాత మనవరాలి నంబరు నుంచి ఒక ఫొటో వచ్చింది. నోటుపుస్తకం పేజీ. 'సున్నా టిక్కెట్టు దొరకని ఆవిడ, గుడ్డలు 2, 700' అన్న వరుస మీద పెన్సిలుతో అడ్డంగా గీత కొట్టి ఉంది. బస్సు సంగతి అరుగు మీద కబుర్లలో నేనే చెప్పినట్టున్నాను. దాని కింది వరుసలో 'మేకల అబ్బాయి, 60' అని ఉంది. దాని మీద గీత లేదు.